కడిగిన నీళ్ళు

ఆ చలికాలం కుటైసిలో
రియోనీ నది పక్క బొమ్మల నాటకశాలలో
నా ఉద్యోగం కుంచెలు కడగడం.

తెరలు వేసే ఎతెరికి కోపం ముక్కు మీదే.
ఎర్ర కుంచె, ఆకుపచ్చ కుంచె
ఒకే బకెట్లో ముంచానని
మొదటిరోజే చెవి మెలిపెట్టింది.
చూస్తుండగా నీళ్ళు కాఫీ మడ్డి అయిపోయాయి.
"ప్రతి రంగుకీ ఆకలేరా.
నచ్చిన వెలుగంతా మింగేసి
నచ్చని ముక్క మన కళ్ళకి విసురుతుంది.
ఇద్దర్ని ఒకే పళ్ళెం దగ్గర కూచోబెడితే
ఇంక విసరడానికేం మిగులుతుంది?"

పైన, నిచ్చెన చివర, అవ్తాందిల్ లోకం వేరు.
దీపాలకి రంగు కాగితాలు తొడుగుతూ
ఈలేస్తుండేవాడు.
ఎర్ర దీపం మీదికి ఆకుపచ్చ దీపం తిప్పితే
నేలమీద వేడి మొక్కజొన్న రొట్టె పసుపు!
ఆకుపచ్చలోంచి ఆకు రాలిపోయి
ఉత్త పచ్చ మిగిలినట్టు.
నీలం కూడా కలిపితే
ఉతికి ఆరేసిన దుప్పటి.
"చూశావా, కలిసేకొద్దీ తేటపడుతోంది" అనేవాడు,
కిందికి వినపడేలా.

పదకొండు రోజులు వేసింది ఎతెరి, దానిమ్మతోట.
పూర్తి రిహార్సల్ నాడు
దాని మీద ఒట్టి ఆకుపచ్చ వెలుగు పోశాడు అతను.
పళ్ళన్నీ బొగ్గులైపోయాయి.
"నా పళ్ళని చంపావ్!"
"నీ ఎరుపు పిసినారిది. నేనిచ్చింది ఉంచేసుకుంది."
"దానికి కావలసింది నువ్విస్తేగా!"
ఆ తర్వాత మూడు వారాలు
ఇద్దరి మధ్యా మాటలు మోసింది నేనే,
బకెట్‌తో పాటు.

ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది.
మూడు దీపాలూ ఒక్కసారే వెలిగి
తెల్లగుడ్డ మీద పడ్డాయి.
మధ్యలో నేను.
గుడ్డ మీద నావి మూడు నీడలు:
ఒకటి పసుపు,
ఒకటి రాణీరంగు,
ఒకటి లోతులేని సముద్రంలాంటి పచ్చనీలం.

"కదలకు" అంది ఎతెరి.
బల్ల మీది తన మూడు డబ్బాలూ తెచ్చి
గుడ్డ కింద పెట్టి మూతలు తీసింది.
అవే.
ఏ దీపాన్ని నా ఒళ్ళు ఆపిందో
ఆ దీపం లోటే ఒక్కో నీడకీ రంగు.
పసుపు నీడ, పచ్చనీలం నీడ ఒరుసుకున్న చోట
నా భుజం దగ్గర ఆకుపచ్చ,
ఆవిడ గరిటెతో కలిపేదే.
మూడూ కమ్ముకున్న చోట, మోకాళ్ళ కింద,
రోజూ నేను పారబోసే నీళ్ళు.

అవ్తాందిల్ దిగి వచ్చాడు. ఈల లేదు.
"నా దీపాలకీ తీసివేతలు వచ్చన్నమాట."
"నీడలో మాత్రమే" అంది ఎతెరి.
కాసేపయ్యాక, గుడ్డవైపే చూస్తూ,
"రేపు తోటకి కొంచెం ఎరుపు పోస్తావా?"
"అడిగితే అప్పుడే పోద్దును కదా."
మళ్ళీ మొదలు.

బకెట్ తీసుకుని పెరట్లోకి పోయి
మంచు మీద గుమ్మరించాను.
వీధిదీపం ఎంతిస్తే అంతా
తిరిగిచ్చేస్తోంది మంచు.
వేళ్ళు కొంకర్లు పోతున్నా
ఒక చెయ్యి చాపి
నా నీడ ఏ రంగో చూసుకున్నాను.
దీపం ఒక్కటే.
నలుపు.