వస్తది

కాజీపేట డీజిల్ కాలనీ కాడ
జిరాక్సు షాపు మీది అర్ర.
గోడకు నేను గీసిన పన్నెండు గళ్ల పట్టిక.
గూడ్సు బండి పోయినప్పుడల్లా
ఫ్యూచర్ పర్ఫెక్ట్ గడి కాడ్నే
ఇంత సున్నం రాలుతది.

ఆ గడి మీద నాకు మొదట్నుంచి అనుమానమే.
బీఈడీ అయి తొమ్మిదేండ్లు.
వచ్చే జూన్ వరకు నాకు నౌకరి వచ్చి ఉంటది—
ఏటేటా ఈ వాక్యాన్నే బోర్డు మీద రాస్త,
ఒక్క తప్పు లేకుండ రాస్త,
తుడుస్త.

కొంరక్క మూడో కుర్చీల కూసుంటది.
లైను మీద గ్యాంగు పని.
నారింజ జాకెట్టు విప్పకుండనే వస్తది,
పెన్ను పట్టుకుంటే పెన్నుకు గ్రీజు వాసన.
డిపార్టుమెంటు పరీక్ష రాయాలె, పద్నాలుగో తారీకు.

ఒకనాడు అడిగింది:
"సారూ, బండి వస్తది అంటె
రోజూ వస్తదనా, రేపు వస్తదనా?"
రెండూ అన్న.
"మరి ఇంగ్లీషుల?"
రోజుకైతే కమ్స్. రేపటికైతే విల్ కమ్.
"మనకు ఒక్క మాటనే సరిపాయె,
వాళ్లకు రెండు గావాల్నా?"
టైంటేబుల్‌ల ఉన్న బండైతే
రేపటిదానికి సుత కమ్స్ అనొచ్చక్కా అన్న.
పడి పడి నవ్వింది.
"అంత నమ్మకమా!
మా సెక్షన్ల ఒక్కనాడు డ్యూటీ జేస్తె తెలుస్తుండె."

మీ ఇంటోళ్ల గురించి అయిదు వాక్యాలు రాయుండ్రి అన్న.
బాలసాని రాజు నాలుగు రాసి వంకరగ సంతకం జేసిండు.
కొంరక్క రెండే రాసింది:
మై హజ్బెండ్ ఓదెలు.
హీ హాజ్ వాక్‌డ్ దిస్ లైన్ నైన్టీన్ ఇయర్స్.

ఈ అర్రల హాజ్ ఇంత సక్కగ కూసున్నది ఇదే మొదలు.
ఎర్రపెన్నుతోని టిక్కు గొట్టబోయిన,
చెయ్యి ఆగింది.
హసన్‌పర్తి దాటినంక వంపు కాడ,
మంచు పట్టిన తెల్లారుగట్ల,
మూడేండ్ల కింద—
ఆ నౌకరే ఇప్పుడు ఈమె జేసేది.

పోయినోళ్లకు హాజ్ రాదు.
ఏ పుస్తకం తీసినా ఇదే.
వాళ్లు ఎన్నేండ్లు నడిచినా వాక్‌డ్ ఒక్కటే,
చివరికి ఒక డీ, తలుపేసినట్టు.

ఎట్ల జెప్పాలె?
సుట్టు తిప్పి జెప్పిన:
హాజ్ అంటె, అక్కా,
పని ఎప్పుడో అయినా
దాని పాలు ఇంకా ఇక్కడ ఉండాలె.
"ఉన్నది గద సార్.
ఆయన గొట్టిన క్లిప్పులు.
రోజూ సుత్తెతోని తట్టి చూసేది నేనే.
ఆ వంపుల ఒక్కటి కదల్లే."

క్లిప్పులకు వస్తది అన్న.
ది క్లిప్స్ హావ్ హెల్డ్.
మనిషికే రాదు.

బల్ల మీద ఫ్యాను గాలికి కాయితం లేస్తుంటె
అరచెయ్యి పెట్టి ఆపింది.
చానసేపు ఆపే ఉన్నది.
రబ్బరు అడగలే.
బొటనవేలితోని హాజ్‌ను రుద్దింది.
అది పోలే,
నల్లగ ఒక మరక అయింది, వేలిగీతలతో సహా.
దాని మీద నా ఎర్రపెన్ను పెట్టబుద్ధి గాలే.
పదికి ఎన్ని మార్కులు ఎయ్యాల్నో
ఇప్పటికీ ఎయ్యలే.

నడిచిండు.
బిగించిండు.
వ్యాకరణం ఒప్పుకోదు గని
మా దిక్కు మాటల్ల చివరికి
ఉండు అన్నట్టే వినబడతది నాకు.

స్టేషన్ల మైకు అంటున్నది:
రెండవ నంబరు ప్లాట్‌ఫారము మీదికి వచ్చుచున్నది.
ఏ ఇంట్ల మాట్లాడుతరో ఆ తెలుగు.

కొంరక్క లేసింది. రాత్రి పెట్రోలింగు ఉన్నదట.
టార్చిలైటు ఒకసారి నొక్కి చూసుకున్నది,
మెట్ల కాడ మళ్లి అన్నది:
"వస్త సార్."

పోయేటప్పుడు వస్త అంటం మనం.
పట్టిక దిక్కు చూసిన.
పన్నెండు గళ్లల్ల ఇది ఏ గడి?
కింద గూడ్సు కదిలింది.
ఇంకింత సున్నం.