తోడు

నా ఉద్యోగం విరగ్గొట్టడం.
గాజువాక ఆటోనగర్‌లో, రేకుల షెడ్డు చివరి గదిలో
రోజుకి ఇరవై నాలుగు ముక్కలు,
నడుం సన్నగా ఉన్న చిన్న ప్లాస్టిక్ బద్దలు.
రెండు దవడల మధ్య పెట్టి మీట నొక్కుతాను.
యంత్రం లాగుతుంది.
ఎంత సాగిందో, ఎక్కడ తెగిందో
రిజిస్టరులో రాస్తాను.
మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాదు
ఇందుకు జీతం ఎందుకిస్తారో.

సరుకు ఫిషింగ్ హార్బరు నుంచి వస్తుంది.
చిరిగిన నైలాను వలలు,
వాటి మీద పాచి, గవ్వపెంకులు, ఒక్కోసారి ఎండిన పీత కాలు.
వేరే ట్రాలీలో ఫినాయిలు డబ్బాలు, ఇంజనాయిల్ క్యాన్లు.
మైలపల్లి ఒలిసమ్మ నేల మీద కూచుని
వలని ముళ్ల దగ్గర కోస్తుంది.
ముప్పై ఏళ్లు ఆ ముళ్లు వేసిన చేతులే.

రెండూ కరుగుతాయి. కలవవు.
వేడి మరలో ఒకటే ముద్ద,
చల్లారాక చూడాలి:
నైలాను ఉండలు ఉండలుగా ముడుచుకుని
పక్కవాడి గోడ తగలకుండా పడుకుంటుంది.
తెగిన ముఖాన్ని మొదటిసారి భూతద్దం కింద పెట్టినప్పుడు
అన్నీ గుంటలే, నున్నగా,
పనసతొనలోంచి పిక్క జారిపోయినట్టు.
అంటుకున్న గుర్తు ఒక్కటి లేదు.

అప్పుడు తెప్పించారు ఆ బస్తా.
సగ్గుబియ్యంలాంటి గింజలు, కాస్త ఘాటు వాసన.
డబ్బాల ప్లాస్టిక్కే అది, కాకపోతే
ఒంటికి అక్కడక్కడా కొక్కేలు మొలిపించారు.
తోక ఇటు అల్లుకుంటుంది,
కొక్కెం అటు నైలాను చెయ్యి పట్టుకుంటుంది.
అసలు పేరు ఒలిసమ్మకి చెప్పాను.
రెండుసార్లు పలికి వదిలేసింది.
"తోడు అను, సరిపోద్ది. పాలల్లో ఏస్తాం, అదే."

అదే కాదు.
పెరుగు చుక్క పాలన్నిటినీ పెరుగు చేసేస్తుంది.
ఇది పెరగదు.
పోసినంతే ఉంటుంది, వందకి మూడు పాళ్లు,
సరిహద్దు మీదే నిలబడి,
పూర్తిగా ఎవరి మనిషీ కాకుండా.
అయినా ఆ మాటే షెడ్డంతా పాకింది.
మర నడిపే చిత్రసేన్ బెహరా కూడా
బరంపురం యాసలో "తోడు పడిందండి" అంటాడు.

దాని బలహీనత నీళ్లు.
వలని ఎంత ఎండబెట్టినా
యారాడ కొండ దాటి వచ్చే గాలి ఊరుకోదు.
ఎనభై డిగ్రీల్లో నాలుగు గంటలు ఆరాలి,
లేకపోతే కొక్కెం పట్టుకోవాల్సిన చెయ్యి వదిలేసి
తేమని పట్టుకుంటుంది.

ఓనరు భీశెట్టి గారిది వేరే లెక్క.
"మూడెందుకమ్మా, ఒకటి చాలదా? కిలో ధర చూశావా?"
ఆగస్టులో, నేను లేని నైట్ షిఫ్టులో, ఒకటే వేయించారు.
ఆ చేపల ట్రేలు జెట్టీ మీద
ఐసు బరువుకి మూలల్లో టప్పుమన్నాయి.
నలభై రెండు వెనక్కొచ్చాయి.
ఒకదాని పెచ్చు ఒలిసమ్మ కోడలి మడమ కోసింది.
కుట్లకి డబ్బులు ఆయనే ఇచ్చారు.
ఒలిసమ్మ తీసుకుంది, లెక్కపెట్టింది,
"ఈటికి ఎన్ని కిలోల తోడొచ్చును, బాబూ?" అంది.

విరిగినవి మళ్లీ మరలోకే వెళ్లాయి.
రెండోసారి కరిగింది పసుపెక్కుతుంది, సత్తువ తగ్గుతుంది.
దాన్ని ఏ తోడూ వెనక్కి తేలేదు.
కొనేవాళ్లకి ఆ సంగతి చెప్పమన్నాను.
చెప్తారో, లేదో.

ఇవాళ పొద్దున్న, బాగా ఆరిన వల, మూడు పాళ్లు,
పదకొండో ముక్క.
దవడలు లాగాయి.
నడుం తెల్లబడింది, సన్నబడింది,
ఇంకా పట్టుకునే ఉంది.
టీ గ్లాసు కింద పెట్టేశాను.
గుమ్మంలో ఒలిసమ్మ,
వల బరువెక్కినప్పుడు తాడు వైపు చూసే చూపుతో.

తెగింది.
ముఖం మీద గుంటలు లేవు,
కొబ్బరిపీచు చింపినట్టు పోగులు.

రిజిస్టరులో ఆ గడికి ఒకటే మాట పడుతుంది: విరిగింది.
పక్కన ఖాళీలో పెన్సిల్‌తో రాశాను,
సాగి.