కెక్సి

ఇంగ్లీషు ఓడల్లోంచి దిగేటప్పుడు అది బహువచనం.
డబ్బా మీద కేక్స్ అని ఉండి ఉంటుంది,
విప్పినవాళ్లు అదే పేరనుకుని ఉంటారు.
చివరి సకారం
పంటి సందులో నువ్వుగింజలా ఇరుక్కుని
ఇంక ఊడి రాలేదు.
జర్మన్లు దానిమీద ఇంకో బహువచనం తొడిగారు,
చలికి చొక్కా మీద చొక్కా వేసుకున్నట్టు.
కేకులులు, అన్నట్టన్నమాట.
ఎవరూ నవ్వలేదు.
రేవు రేవుకీ ఒక రుచి అంటించుకుంటూ
ఉత్తరానికి పోయింది,
పోయి పోయి కెమి నది గడ్డకట్టే చోట
కెక్సి అయింది. అంటే బిస్కెట్టు.
అంతవరకూ తగాదా లేదు.

డిసెంబరు. మధ్యాహ్నం రెండింటికే దీపాలు.
ఏటిగట్టున ముసలివాళ్ల హోములో, నాలుగో నంబరు గదిలో
తౌనో మాట్లాడి పదకొండు రోజులైంది.
తొంభై ఒకటి నిండినవాడు,
ఉన్న మాటలన్నీ ఎవరికో అప్పిచ్చి
ఎవరికో మరిచిపోయినట్టు చూస్తాడు.
ఆ రోజు నోరు తెరిచి ఒక్కటే అన్నాడు:
కెక్సి.

హెల్ది పరుగెత్తింది.
ఎస్తోనియా పిల్ల, ఆరేళ్లుగా ఇక్కడే నర్సు.
ఆమె చిన్నప్పటి వీధిలో కెక్స్ అంటే
సుద్దముక్కతో గీసిన గళ్లు, ఒంటికాలి గెంతులు,
మన తొక్కుడుబిళ్ల.
అయినా ఏ ఊరి నీళ్లు తాగితే ఆ ఊరి అర్థం,
వోట్స్ బిస్కెట్టు తెచ్చి టీలో నాన్చి పెట్టింది.
తల తిప్పేసుకున్నాడు.

వంటింట్లో బొజేనాకి కబురు చేరింది.
పోలండు మనిషి. వాళ్లకి కెక్స్ అంటే
ఎండుద్రాక్ష, నారింజ తొక్క, అక్రోటు కూరిన దిమ్మ,
పండక్కి పది రోజుల ముందే చేసి
గుడ్డలో చుట్టి దాచేది.
"నాది అడిగాడు" అంది, చేతులు కడుక్కుంటూ.
బొటనవేలంత మందాన ముక్క కోసి తెచ్చింది.
పళ్లెం తోసేశాడు.
కెక్సి, అన్నాడు మళ్లీ. ఈసారి కోపంగా.

హెల్దికి భాష నేర్చుకున్న క్లాసు గుర్తొచ్చింది.
అవే అక్షరాలు, క్రియ అయితే ఆజ్ఞ:
కనిపెట్టు!
లేనిదాన్ని కొత్తగా చెయ్యమని వాళ్ల అర్థం.
తెలుగులో రాస్తున్నాను గనక
నాకు ఇంకోటి కూడా వినపడుతోంది:
కనిపెట్టుకుని ఉండు.
రాత్రంతా మంచం పక్కన కూర్చునేవాళ్లకి
జీతం ఇచ్చేది దానికేగా.

ఆమె ఆయన నోటిని చూడటం మానేసి
చేతుల్ని చూసింది.
రెండూ దుప్పటి మీద గుప్పిళ్లుగా,
ఒకటి ముందు, ఒకటి వెనక,
మధ్యలో ఏదో ఉన్నట్టు.

రేడియేటరు బాగుచెయ్యడానికొచ్చిన రైమో
నేలమీద మోకాళ్లు తియ్యకుండానే చెప్పాడు:
"తినేది కాదమ్మా. గెడ.
కొసన ఇనుప ములుకు, పక్కన కొక్కెం.
మంచు విడిచాక వేలకి వేలు దుంగలు
పైనుంచి దిగేవి ఈ ఏట్లో.
అడ్డం పడ్డవాటిని దాంతో నెట్టేవాళ్లు,
నిలబడేది కూడా వాటి మీదే.
మా నాన్నకీ ఉండేది."
ఆ కెక్సికీ ఈ కెక్సికీ చుట్టరికం లేదు,
ఒకే ఇంటిపేరుతో రైల్లో ఎదురుపడ్డ
ఇద్దరు కొత్తవాళ్లు, అంతే.

హాల్లో పై కిటికీలు తెరిచే కొక్కెపు కర్ర ఉంది.
హెల్ది అది తెచ్చి ఆ గుప్పిళ్లలో పెట్టింది.
తౌనో పట్టు సరిచేసుకున్నాడు, బరువు చూసుకున్నాడు,
చక్రాల బల్లని ఒక్క పోటు పొడిచాడు.
టీ కప్పూ, బిస్కెట్టూ, బొజేనా ముక్కా
అన్నీ కలిసి గది దాటి
అవతలి గోడకి మెల్లిగా తగిలి ఆగాయి.
టీ సగం ఒలికింది.
"వెళ్లింది" అన్నాడు తౌనో.
బొజేనా తుడిచే గుడ్డ కోసం వెళ్లి
చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

ఆ రాత్రి రిపోర్టు పుస్తకంలో హెల్ది రాసింది:
నాలుగో నంబరు. కెక్సి అడిగాడు. ఇచ్చాం. నిద్రపోయాడు.

పగటి డ్యూటీవాళ్లు అది చదివి
పొద్దున్నే రెండు ప్యాకెట్లు తెచ్చి పెట్టారు.