వ్యాఖ్యల గడి

నలభై ఒక్క కవితలు. రెండుసార్లు లెక్కపెట్టాను.
అన్నీ రోప్‌వే స్టేషను రిజిస్టర్లలోనే,
సమయం, ప్రయాణికులు, గాలి దిశ,
ఆ వరసలో చివర, వ్యాఖ్యలకని విడిచిన గడిలో.
చాలా రోజులు వ్యాఖ్యానించదగ్గదేమీ జరిగేది కాదు.
అందుకని కవిత రాసేదాన్ని.

చియాతురాలో పాత తీగలు దింపేశారు.
కొత్త డబ్బాలకు అద్దాల తలుపులు,
మీట నొక్కడానికి నాలాంటి మనిషి అక్కర్లేదు.
తూకానికి అమ్మబోతున్న రిజిస్టర్లను
బెసో నాకు ఊరికే ఇచ్చేశాడు.
కళ్లజోడు పెట్టుకుని చదువుతున్నాను,
తప్పులు పట్టడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరులా.

మొదట కంటబడింది పొడవు.
ఏ కవితా పద్నాలుగు పాదాలు దాటలేదు.
ఎంత పొదుపు! అని మెచ్చుకున్నాడు
కుతాయిసీ నుంచి వచ్చిన ఓ పంతులు.
పొదుపూ లేదు, పాడూ లేదు.
డబ్బా పైకి చేరడానికి నాలుగు నిమిషాలు.
గంట మోగితే కలం కింద పెట్టాలి.
నా ఛందస్సు ఒక ఇనప గంట.
రద్దీ లేని ఆదివారాల్లో రాసినవి
నీళ్లు కలిపిన పాలలా ఉన్నాయి, చూశాను.

తర్వాత, చేతులు.
ముప్పై మూడు చోట్ల చేతులు.
గోళ్ల సందుల్లో మాంగనీసు నలుపు,
నాణెం చాచే చేతులు, చిల్లరకు ఆగే చేతులు,
ఓసారి, పొరపాటున, చేపను పట్టుకున్న చెయ్యి.
ఒక్క మొహమూ లేదు.
నా కిటికీ అంత ఎత్తులోనే ఉండేది మరి.
దాన్ని నేను శైలి అనుకున్నాను.

ఇక అబద్ధాలు.
అమ్మ బట్టలుతికే కవిత అందరికీ నచ్చింది.
క్వీరిలా ఏటి తెల్లని నీళ్లలో, అని మొదలవుతుంది.
అమ్మకు వినిపిస్తే చొక్కా పిండడం ఆపి
"ఆ ఏరు తెల్లగా ఎప్పుడు పారిందే?" అంది.
ప్రాస కోసమమ్మా, అన్నాను.
"ప్రాస వచ్చి ఉతుకుతుందా ఇవన్నీ?"
ఆ మాట రాసుకోవాల్సింది.
తెల్లని నీళ్లే ఉంచాను.

చివరికి, కావాలనే చివరికి, 'వేలాడిన రాత్రి'.
కరెంటు లేని ఆ చలికాలాల్లో ఒకటి.
లోయ మధ్య డబ్బా ఆగింది, లోపల ఐదుగురు.
తెల్లారేదాకా ఫోనులో ధైర్యం చెప్పానని రాశాను,
'నా గొంతే వాళ్లకు తాడు' అని కూడా.
నిజానికి అరగంట మాట్లాడాను.
తర్వాత ఏం చెప్పాలో తోచక ఫోను పెట్టేసి
పొయ్యి పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆ రాత్రి గంట మోగలేదు.
ఎంత పొడుగైనా రాసుకోవచ్చు.
అయినా పద్నాలుగు పాదాలకే ఆపాను.
ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది,
పదిహేనో పాదంలో జౌరి ఉన్నాడు.

నా మొగుడు. తాగి వచ్చాడు.
ఎవరూ పిలవకుండానే చేతి చక్రం పట్టుకుని
జానెడు జానెడుగా డబ్బాను లాగాడు తెల్లారేదాకా.
అరచేతుల తోలు చక్రానికి అంటుకుపోయింది.
ఆ వారమే నా కుట్టుమిషను అమ్మి తాగేశాడు.
మంచివాడిగా రాయబుద్ధి కాలేదు.
ముప్పై మూడు చోట్ల చేతులు రాశాను,
ఆ రెండు చేతులు లేవు.

మొన్న రొట్టెల కొట్టు దగ్గర మక్వాలా కనబడింది,
ఆ రాత్రి ఆరేళ్ల పిల్ల, డబ్బాలో.
"మీ గొంతు గుర్తు లేదు పిన్నీ" అంది.
"ఎవరో పైనుంచి బూతుపాట పాడుతుంటే
పెద్దవాళ్లు నవ్వీ నవ్వీ చలి మరిచిపోయారు.
నాకర్థం కాకపోయినా నవ్వాను."

ఇంటికొచ్చి ఆ పేజీ తీశాను.
వ్యాఖ్యల గడిలో చోటు లేదు, కవిత నిండుగా కూర్చుంది.
గాలి దిశ గడిలో, ఉత్తరం అన్న మాట పక్కన
పెన్సిలుతో ఇరికించాను: జౌరి తిప్పాడు.

పాట కూడా రాద్దామని
వంటింటి కత్తితో పెన్సిలు చెక్కాను.
మొదటి చరణమే గుర్తొచ్చింది,
అదీ రాయదగ్గది కాదు.