ఏడు రోజులు ముట్టుకోవద్దు

బూటు లేసు కంటే లావు లేదు.
నారింజ మచ్చలు, ఎర్రని కళ్లు,
మొక్కజొన్న పాము పిల్ల
పెరుగు డబ్బాలో ఇంటికొచ్చింది,
మూతకి సూదితో పొడిచిన చిల్లులు.
"ఏడు రోజులు ముట్టుకోవద్దు," అన్నాడు
దుకాణం లుదోమీర్,
నా కొడుక్కి కాదు, నాకే చెబుతున్నట్టు.

పోజ్నాన్‌లో ఫిబ్రవరి.
మా కిటికీ కింద ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా
అల్మారాలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరిస్తాయి.
మాకు అలవాటే.
దానికి చెవులు లేవు,
ఒళ్లంతా చెవే.

మొదటి రాత్రి అది ఆగలేదు.
గాజు వెంట ముక్కు రాస్తూ
ఈ మూల నుంచి ఆ మూలకి,
తలుపు లేని గోడలో తలుపు వెతుకుతూ.
యెరెమి చెయ్యి చాపగానే
తోక కొసతో న్యూస్‌పేపరు మీద
గలగలమని బెదిరించింది.
విషం లేదు, కోరలు లేవు,
ఉన్న ఆస్తల్లా ఆ కాస్త చప్పుడు.
"అమ్మా, దానికి నేనంటే అసహ్యం."
"భయం," అన్నాను.
రెంటికీ తేడా వాడికి తెలిసినట్టు లేదు.

మర్నాడు పనిలోకి దిగాం.
వాషింగ్ మెషీన్ పక్కనుంచి తొట్టిని
లోపలి గోడ మూలకి జరిపాం.
మూడు వైపులా గాజుకి
రొట్టెల కొట్టువాడి గోధుమరంగు కాగితం అంటించాం.
ఇల్లు విశాలంగా ఉంటే సుఖమనుకున్నాం కానీ
దానికది మైదానం, పైన ఎక్కడో గద్ద.
అందుకని నింపాం:
టాయిలెట్ రోల్ గొట్టాలు, నలిపిన కాగితాలు,
మా అత్తగారి ప్లాస్టిక్ తీగ,
బోర్లించిన పూలకుండీలు రెండు,
వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి.
కాస్త వెచ్చదనం కోసం
ఎవరికీ ధైర్యం అవసరం కాకూడదు కదా.
ఇరవై తొమ్మిది డిగ్రీలు.
యెరెమి గంటకోసారి చూసి
లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో రాశాడు.

మూడో రోజుకి మా ఇంటి తలుపులు
చప్పుడు లేకుండా మూసుకున్నాయి,
సెప్టెంబరులో కొత్త బడి మొదలైనప్పటి నుంచి
గోడలదిరేలా వాటిని విసిరిన చేతుల్లోనే.

ఐదో రోజు
ఫ్రీజర్‌లోని గులాబీరంగు ఎలుకపిల్లని
గోరువెచ్చటి నీళ్లలో కరిగించి
పట్టకారుతో కుండీ వాకిట్లో పెట్టి
దీపమార్పి వచ్చేశాం.
పొద్దున అక్కడ లేదు.
వాడు గంతెయ్యబోయి ఆగాడు,
మునివేళ్ల మీద వంటింట్లోకొచ్చి
నా చెవిలో "తింది" అన్నాడు.
అరిగేదాకా ఇంకో రెండు రోజులు.

ఆరో రోజు
బడి నుంచి వచ్చి కోటు విప్పలేదు.
టోపీ లేదు.
నేరుగా వంటింటి బల్ల కింద దూరి
మోకాళ్లలో గడ్డం దాచుకున్నాడు.

ఏమైందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.
చెయ్యి కూడా, సగందాకా.
తర్వాత
బీరువాలోంచి పెద్ద బల్లగుడ్డ తీశాను,
ఏడాదికి రెండుసార్లు పరిచేది.
మూడు వైపులా నేలదాకా జార్చాను.
హీటరున్న వైపు వదిలేశాను.
రేడియో ఆపాను.
అంచున ఆపిల్ ముక్కల పళ్లెం పెట్టి
బంగాళాదుంపల తొక్క తీస్తూ కూర్చున్నాను,
వాడి వైపు చూడకుండా.

ట్రామ్ వెళ్లింది. గ్లాసులు మాట్లాడాయి.
ఇంకో ట్రామ్.

పళ్లెం కాస్త లోపలికి జరిగింది.

ఏడు కాదు, తొమ్మిది రోజులు పట్టింది.
పైనుంచి వచ్చేది గద్ద, అందుకని పక్కనుంచి
అరచేతిని నేలమీద మరో కొమ్మలా పరిచి
యెరెమి ఆగాడు.
గొట్టంలోంచి తల ఒక్కటే బయటికి.
నాలుక రెండుసార్లు
వాడి చూపుడువేలి దగ్గర గాలి రుచి చూసింది.
మళ్లీ లోపలికి.

"ఇవాళ్టికి చాలు," అన్నాడు,
ఏదో ఆసుపత్రిలో పెద్ద డాక్టరులాగ.
మూత వేసి, కొక్కెం పెట్టి,
లాగి చూశాడు రెండుసార్లు.

టోపీ సంగతి ఇంకా చెప్పలేదు.
నేనూ అడగలేదు.