దింపు

ఇదివరకు నలుగురు మొగాళ్ళు వచ్చేవారు.
దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని
"ఒకటి, రెండు" అనేవారు.
మూడు అనకముందే ఎవడో ఒకడు లేపేసేవాడు.
మా ఆయన నడుం ఒకవైపు, తల ఒకవైపు.
అప్పుడేమీ అనేవాడు కాదు.
వాళ్ళు వెళ్ళాక గోడకేసి చూస్తూ అడిగేవాడు,
"బస్తా ఎంత తూగిందే?"

ఇప్పుడు మిషను వచ్చింది,
అమలాపురం నుంచి ఆటోలో, మూడు ముక్కలుగా,
సలోమి అనే ఫిజియో అమ్మాయితో పాటు.
వీధిలో పిల్లలు క్రేను అన్నారు.
నాకు మాత్రం చేపకోసం వంగిన కొంగలా కనపడింది.

ముందు నేల చూడమంది సలోమి.
కొబ్బరాకు చాప చుట్టేశాను.
చెంబు, చెప్పులు, ఫ్యాను తీగ అన్నీ పక్కకి.
గచ్చు పగుల్లో చక్రం దిగబడుతుందంటే
సిమెంటు కలిపి నేనే పూశాను.
మంచం కిందికి మిషను కాళ్ళు దూరలేదు.
కొబ్బరి మొద్దు కోయించి నాలుగు దిమ్మలు పెట్టాం,
కోడు జారకుండా ఒక్కోదానికీ గుంట తొలిపించి.

తరవాత జోలె.
ఆ అమ్మాయి స్లింగ్ అంది, నా నోటికి జోలె అనే వచ్చింది.
కుట్టు కుట్టూ తడిమి చూడాలి,
పోగు లేచినా, బరువు రాసిన చీటీ చెరిగిపోయినా వాడకూడదు.
"ఇటియ్యి" అన్నాడు మా ఆయన పడుకునే.
ముప్పై ఏళ్ళు మోకు చూసుకున్న చేతులు.
గోరుతో గీరి, వాసన చూసి,
పట్టీని ఒక్క గుంజు గుంజి
"ఇది మోసుద్ది" అన్నాడు.
ఆ రోజు మోకూ మోసేదే.
తడి మట్ట జారింది. మోకు తప్పు కాదు.
ఎవరూ అడక్కపోయినా ఆయనే చెబుతాడు ఈ మాట.

ఇద్దరుండాలంది సలోమి,
ఒకరు బొత్తానికి, ఒకరు మనిషికి.
రెండో మనిషి పెద్దిరాజు.
ఆ రోజు చెట్టు కింద కాయలు ఏరుతున్నవాడు.
మళ్ళీ చెట్టెక్కలేదు, మా వీధిలోకే రాలేదు.
నేనే వెళ్ళి పిలిచాను.
చెప్పులు విప్పి గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు.

ఇటు దొర్లించి జోలె సగం దూర్చి,
అటు దొర్లించి లాగి,
తొడల కింది పట్టీలు ఒకదాన్లోంచి ఒకటి తీసి,
భుజం దగ్గర ఇటు పచ్చ చెవి తగిలిస్తే అటూ పచ్చే,
కాలి దగ్గర నీలమైతే రెండూ నీలమే.
రంగు తప్పితే మనిషి ఒరిగిపోతాడు.
"తాతారావుగారూ, చేతులు గుండెల మీద పెట్టుకోండి."
చక్రాల కుర్చీకి బ్రేకు. మిషనుకి మాత్రం వద్దట,
బరువెక్కేటప్పుడు దాని చోటు అది వెతుక్కోవాలట.
నాకు ఎక్కలేదు. ఆయనకి ఎక్కింది.
"చెట్టు ఊగాలే. ఊగనిది విరుగుద్ది."

బొత్తాం నొక్కాను. జోలె బిగిసింది.
పరుపు మీంచి జానెడు లేవగానే ఆపమంది,
నాలుగు చెవులూ మళ్ళీ చూడమంది.
పట్టీ మీద పెద్దిరాజు చెయ్యి వణుకుతోంది.
"పట్టీ కాదురా, నా మోకాలు పట్టుకో.
కంబానికి తగలకుండా చూడు. అంతే నీ పని."
గాల్లో ఉన్నవాడు
నేల మీదున్నవాడికి ధైర్యం చెప్పాడు.

ఇంకొంచెం పైకి.
పదకొండు నెలల తరవాత కిటికీ ఆయన కంటి ఎత్తుకి వచ్చింది.
ఏడుస్తాడేమో అనుకున్నాను.
కళ్ళు చిట్లించి,
"కాలవగట్టు మీద మూడో చెట్టు,
మొవ్వులో కొమ్ముపురుగు తొలిచేసింది.
ఎవడూ చూళ్ళేదా?"
పెద్దిరాజు నేలవైపే చూస్తూ
"చూళ్ళేదు" అన్నాడు.
"రేపెక్కి ఊచతో తీసెయ్యరా."
వాడు పలకలేదు.

మిషను కాళ్ళు వెడల్పు చేసి,
పిడి పట్టుకుని, మెల్లిగా కుర్చీ దాకా తోశాం.
వీపు ఆనేలా పెద్దిరాజు మోకాళ్ళ దగ్గర నెట్టాడు.
"ఆఁ, దింపు" అన్నాడు మా ఆయన.
మా ఇంట్లో ఆ మాట కొబ్బరికాయలది,
డబ్బులొచ్చే రోజుది.
నొక్కాను. దిగాడు.
పట్టీలు పూర్తిగా వదులయ్యాకే విప్పాను.

రాత్రి బ్యాటరీ ఛార్జింగుకి పెట్టాను.
కరెంటు పోయినా ఎర్ర పిడి లాగితే దిగుతుందట,
ఖాళీ మిషను మీద ఓసారి లాగి చూశాను.
జోలె దండెం మీద నీడలో ఆరేశాను.

తెల్లారి ఊడుస్తుంటే,
గుమ్మం పక్క గోడకి
ఆయన మోకు వేలాడే మేకు
ఖాళీగా ఉంది.