వరస

కూర్చో యెమిసరాచ్,
ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, గోడకానుకుని కూర్చో.
బిషొఫ్తూలో పొద్దుట్నుంచి కరెంటు లేదు.
ఉన్నా లేకున్నా ఒకటే,
నా మిషను కాలితో తొక్కేది.

మీ నాన్న కోటు చెక్కపెట్టె వాసనేస్తోంది,
అడుగున ఎక్కడో కాస్త కాఫీ పొగ.
నలభయ్యో నాటి ప్రార్థనలో
ఫొటో పక్కన తగిలించాలన్నావు,
పతకాలు వరసలో ఉండాలన్నావు.
సరే. ఏ వరస?

ఇది సింహం. రాజుగారి నాటిది.
అప్పుడాయన ఛాతీ ముప్పై ఆరు, నడుము ఇరవై ఎనిమిది.
రిబ్బను వంకరైందని
మూడుసార్లు విప్పించి కుట్టించాడు.
ఆ రాత్రి వెన్నెల్లో
హోరా సరస్సు మీదికి విమానాన్ని ఎంత కిందికి దించాడంటే
నీటికోళ్ళ మునిమనవలు ఇప్పటికీ తిట్టుకుంటాయి.

తర్వాత సింహం నేరమైంది.
చీకటి పడ్డాక వచ్చాడు,
"సిరాజ్, విప్పెయ్."
బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపాను.
అయినా తీసుకుపోయారు.

ఈలోగా తూర్పున యుద్ధం.
ఎగరడం వచ్చినవాళ్ళు ఎక్కడున్నారని వెతికితే
సగం మంది జైల్లో తేలారు.
తలుపు తీశారు.
గడ్డమైనా గీసుకోకుండా ఎక్కాడు మీ నాన్న.
దిగేసరికి ఇదిగో, ఈ నక్షత్రం.
సింహం ఊడిన చిల్లుల్లోంచే
సూది పోనిచ్చాను,
కొత్తవి పొడవబుద్ధి కాలేదు.

ఆ నక్షత్రమూ రాలింది.
మళ్ళీ జైలు, మళ్ళీ యుద్ధం, ఈసారి ఉత్తరాన.
అప్పటికి చత్వారం వచ్చింది ఆయనకి,
నాకూ.

మూడోది కనబడలేదన్నావు కదా.
పెట్టెలో, బీరువాలో,
మీ అమ్మ నెతెలా మడతల్లో కూడా వెతికానన్నావు.

అటు చూడు, గుండీల డబ్బా.
తెరవకు, ముందు విను.

చిల్లర నాణేలతో కలిపి జేబులోంచి తీశాడు దాన్ని,
సుద్దముక్క పక్కన పెట్టాడు.
"తెస్ఫాలెమ్ గుర్తున్నాడా?" అన్నాడు.
గుర్తుండకేం?
వాళ్ళిద్దరూ ఒకే బ్యాచి,
మొదటి యూనిఫారాలు నా దగ్గరే కుట్టించారు.
తెస్ఫాలెమ్‌కి ఎడమ భుజం అరంగుళం కిందికి,
లోపల దూది పెట్టి సమం చేశాను.
సరిహద్దు గీశాక అటువైపు వాడయ్యాడు.

"మేఘం అంచున ఎదురొచ్చింది.
ముఖం కనబడదుగా సిరాజ్,
కానీ ఎడమకి వాలేటప్పుడు
రవ్వంత తడబాటు."

అంతే అన్నాడు.
కుట్టని పతకానికి కూలీ లెక్కపెట్టి ఇచ్చాడు.
వద్దన్నాను. బల్ల మీద వదిలేసి వెళ్ళాడు.
ఆ డబ్బు ఏం చేశానో గుర్తు లేదు,
బహుశా నూనె కొని ఉంటాను.

ఇంక నీ చేతిలో ఏదో ఉంది.
వచ్చిన దగ్గర్నుంచీ పిడికిలి విప్పలేదు.

గుడ్డముక్క.
నాలుగు వందల పదిహేడు.
జైలు చొక్కా మీద నంబరు, ఆయనే చింపుకొచ్చాడా?
అంచు చూడు, ఉతికి ఉతికి పీచులేచింది.
దీన్ని ఎక్కడ పెట్టాలంటావు,
సింహానికి ముందా, నక్షత్రానికి వెనకా?
దేనికి ఏది ఏ వరస అవుతుందో
దర్జీని నేనెలా చెప్పను?

వెలుతురులోకి ఎత్తు ఆ కోటు.
గుండె దగ్గర చూశావా,
గుచ్చి, విప్పి, గుచ్చి,
జల్లెడ.
ఎంత ఇస్త్రీ చేసినా పూడవు.
అస్తరు వేస్తాను, అదొక్కటే నా చేతిలోది.
నంబరు అస్తరు లోపల ఉంచమంటే ఉంచుతా,
బయటికి కుట్టమంటే కుడతా.
డబ్బా మాత్రం నువ్వే తెరవాలి.

తొందర లేదు. ప్రార్థనకింకా తొమ్మిది రోజులుంది.

రసీదు రాస్తున్నాను:
పాత కోటు ఒకటి,
పతకాలు రెండు,
గుడ్డముక్క ఒకటి.
కింద కొంచెం ఖాళీ వదిలాను.

కూలీ వద్దు.
ఎప్పుడో ముట్టింది.